చీనీ చెట్టు కింద ఏ చెట్టుందో చెప్పండి: ఉద్యాన శాఖకు ఒక రైతు బహిరంగ లేఖ

రాష్ట్ర ఉద్యాన శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో చీనీ తోట రైతును. మీ కాగితాల్లో మా పంట పేరు బత్తాయి. నల్గొండలోనూ కోస్తాలోనూ అదే పేరు. మాకు మాత్రం చీనీ. 2014లో నాలుగు ఎకరాల్లో 20 అడుగుల ఎడంతో 430 అంట్లు నాటాను. ఈ పొద్దున వరసల వెంట నడిచి లెక్కపెడితే 168 చెట్లు ఉన్నాయి. వాటిలో ముప్పై దాకా ఈ ఏడాది దాటవని చూపుకే తెలుస్తోంది. పోయిన చెట్లకు పరిహారం అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది: నర్సరీలు అమ్మే ప్రతి అంటు కింద ఏ చెట్టు వేరుందో రాసి ఇప్పించడం. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. అది అడగాలంటే ముందు నా తోటలో ఏం జరిగిందో చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి.

చీనీ చెట్టు వేరుకుళ్ళుతో చనిపోయే తీరు చూడనివాళ్లు నమ్మరు. మొదట ఆకుల ఈనెలు పసుపెక్కుతాయి. ఎరువు తక్కువైందని ఎరువు వేస్తాం. జింకు లోపమేమోనని జింకు పిచికారీ చేస్తాం. కొన్ని వారాలకు చెట్టు ఆకు కనబడనంతగా పూస్తుంది. కాలం కాని కాలంలో, పక్క చెట్లు ఊరికే ఉన్నప్పుడు, ఇది ఒక్కటే పూస్తుంది. మా తోటలో మొదటిసారి అలా పూసిన చెట్టుకు నా భార్య దిష్టి తీసింది. పక్క తోట పెద్దాయన వచ్చి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది పోయే పూత నాయనా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. నాలుగు నెలలకు గోలీకాయలంత పిందెలతో చెట్టు నిలువునా ఎండింది. ఆ పిందెలు రాలను కూడా రాలలేదు, ఎండుకొమ్మలను పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

గుంత తవ్వి చూశాను. మొదలు దగ్గర మట్టి తీసి గోరుతో గీకితే బెరడు తడిసిన అట్టముక్కలా ఊడి వచ్చింది. దాని కింద చెక్క గోధుమ రంగుకు తిరిగింది. పులిసిన గంజి లాంటి వాసన. ఒక సన్న వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాను. పైతోలు తొడుగులా జారి చేతిలోకి వచ్చింది, లోపలి దారం మట్టిలోనే మిగిలింది. ఆరోగ్యంగా ఉన్న వేరు అలా జారదు, కావాలంటే మీ తోటలో లాగి చూడండి. పక్క వరసలో ఇంకా పచ్చగా ఉన్న చెట్టు మొదలు చూస్తే జానెడు ఎత్తున తేనెరంగు బంక బొట్లు బొట్లుగా కారి గడ్డకట్టి ఉంది. ఈ బంక నీళ్లలో కరిగిపోతుంది. తెగులు ముదిరే వానాకాలంలోనే కడుక్కుపోయి కంటికి కనబడదు. వానలు ఆగాక కనబడితే, అప్పుడే మొదలైందనుకుని మోసపోతాం.

పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకరు నాకు రెండు శత్రువుల పేర్లు చెప్పారు. బంక కారించి, మొదలు కుళ్ళబెట్టి, సన్న వేళ్లను తినేది ఫైటోఫ్తోరా. మనం దాన్ని శిలీంధ్రం అని రాసేస్తాం గానీ, అది అసలు సిసలు శిలీంధ్రం కాదట. నీటి బూజు జాతి. నేలలో నీళ్లు నిలిస్తే దాని బీజాలు రెండు తోకలతో ఈదుకుంటూ, వేరు నుంచి ఊరే రసాల జాడ పట్టుకుని వచ్చి అంటుకుంటాయి. రెండోది ఫ్యుజేరియం. అది దాదాపు ప్రతి నేలలోనూ ఉండేదే. బలంగా ఉన్న వేరు జోలికి పెద్దగా పోదు. చెట్టు నీరసపడే దాకా కాచుకుని కూర్చుని, అప్పుడు పెద్ద వేళ్లలోకి దిగుతుంది. ఎండు వేరుకుళ్ళు దాని పనే. మొదటిది తలుపు తీస్తే రెండోది ఇంట్లో కాపురం పెడుతుందన్నమాట.

ఫైటోఫ్తోరా మన రాష్ట్రానికి కొత్త చుట్టమేమీ కాదు. నూరేళ్ల కిందటే గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వులు కుళ్ళి ఊళ్లకు ఊళ్లు బోసిపోతుంటే బట్లర్ అనే శాస్త్రవేత్త వచ్చి కారణం వెతికాడు. ఆయన అక్కడి తాటిచెట్లలో చూసి వర్ణించినదే తరవాత ఫైటోఫ్తోరా పామివోరాగా ప్రపంచానికంతా తెలిసింది. ఆ పామివోరా నిమ్మజాతి చెట్లకూ పడుతుంది. ఐర్లాండులో 1845లో బంగాళాదుంప పంటను తుడిచిపెట్టి కరవు తెచ్చినది కూడా ఈ కుటుంబంలోదే. ఇంత పేరున్నది నా నాలుగు ఎకరాలకు వచ్చిందంటే ఒక రకంగా గౌరవమే అనుకోవాలి.

కరవు జిల్లాలో నీటి తెగులేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట నీటిలో ఈదే తెగులుకు పనేమిటి? జవాబు మా అలవాట్లలోనే ఉంది. పూత కోసం చెట్లను బెట్టకు వదులుతాం. నెలా నెలన్నర నీళ్లు ఆపేసి, ఆకు వాడి ముడుచుకున్నాక ఒక్కసారిగా పాదు నిండా పారిస్తాం. బెట్ట శ్రుతి మించితే సన్న వేళ్లు చచ్చిపోతాయి, ఆ చచ్చిన వేళ్ల మీదికి నీళ్లు పోస్తాం. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను బతికించుకున్నాం. ట్యాంకరు గొట్టం నేరుగా మొదట్లో పెట్టేవాళ్లం, ఒక్క చుక్క కూడా పక్కకు పోకూడదని. ఆ తరవాత 2021 నవంబరు వానలు వచ్చాయి. కడప వైపు ఆనకట్టే తెగిన వానలవి. మా తోటలో వారం రోజులు నేల నీళ్లు పీల్చుకోలేదు. ఏళ్ల తరబడి దప్పికతో నీరసించిన వేళ్లు ఆ వారం నీళ్లలో నానాయి. తరవాతి కథ మీకు తెలిసిందే.

నా తప్పులు నేను దాచుకోను. 2017లో చెరువు మట్టి ఉచితమంటే ట్రాక్టర్ల మీద తోలించి చెట్ల మొదళ్లకు ఎగదోశాను. సారవంతమైన మట్టి, చూడ్డానికి నల్లగా, ముద్దొచ్చేలా ఉండింది. ఆ జిగట మట్టి అంటు కట్టిన అతుకును కప్పేసింది. అతుకు నేలకు జానెడు పైన, గాలికీ ఎండకూ తెరిచి ఉండాలని ప్రతి కరపత్రంలోనూ రాసి ఉంటుంది. నేనూ చదివాను. చదివి కూడా కప్పాను. డ్రిప్పు గొట్టాలు మొక్క చిన్నప్పుడు ఎక్కడ పరిచామో పదేళ్లయినా అక్కడే, మొదలుకు ఆనుకునే ఉన్నాయి. కలుపు పోవాలని రోటవేటరు కొట్టించి పైపైన పారే వేళ్లను ముక్కలు చేశాను. ఒక తోటలో దున్నిన రోటవేటరును మట్టి కడగకుండానే ఇంకో తోటలోకి దింపే పద్ధతి మా ఊళ్లో అందరిదీ, నాదీ.

తెలుసుకున్నాక చేయాల్సినవన్నీ చేశాను. మట్టి వెనక్కు లాగి మొదళ్లు తెరిచాను. చెట్టుకు రెండు పాదులు కట్టాను, నీళ్లు బయటి పాదులోనే పారతాయి, లోపలి పాదు ఎప్పుడూ పొడిగా ఉంటుంది. ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని వేపపిండి, పశువుల ఎరువులో మాగబెట్టి వేశాను. కుళ్ళిన బెరడును కత్తితో మంచి బెరడు కనబడే దాకా గీకి బోర్డో పేస్టు పూశాను. ఆ పేస్టు తయారీ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సగం మంది రైతులు దాన్ని తప్పుగా కలిపి, పని చేయలేదని తిడతారు. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం అయిదు లీటర్ల నీళ్లలో వేరువేరుగా కలిపి, రెండింటినీ మూడో తొట్టిలో పోయాలి. తొట్లు ప్లాస్టిక్‌వి కావాలి, ఇనుపవి పనికిరావు. కలిపాక ఒక పాత ఇనుప కత్తిని ముంచి తీయాలి. కత్తి మీద ఎర్రటి రాగి పూత కనబడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంచెం కలపాలి. కత్తి కత్తిలాగే బయటికి వస్తే పేస్టు సిద్ధం. అంగళ్లలో పాత సున్నం, గాలి తగిలి చచ్చిన సున్నం అమ్ముతారు, దానితో ఎంత కలిపినా కత్తి ఎర్రబడుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఆ కత్తి ఇప్పుడు ఇంకే పనికీ వాడం.

వీటితో కొన్ని చెట్లు నిలబడ్డాయి. ఆ నిలబడ్డవే ఈ 168. మందులకూ పూతలకూ పెట్టిన ఖర్చు సంగతి వదిలేస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

నాటిన రెండేళ్లకు, అంటే 2016లో, ట్రాక్టరు ట్రాలీ తగిలి రెండో వరస చివరి మొక్క అతుకు దగ్గర విరిగిపోయింది. పై భాగం పోయింది. కింది నుంచి ముళ్లతో చిగుళ్లు లేచాయి. పీకేయాల్సింది. గట్టు మీద ఉంది, ముళ్లున్నాయి, మేకలకు అడ్డుగా ఉంటుందిలే అని వదిలేశాను. అది చూస్తుండగా చెట్టయింది. 2021లో కాసింది. కాయ పసుపు రంగు, తోలు గరుకు, ఒళ్లంతా బొడిపెలు. శాస్త్రవేత్త వచ్చినప్పుడు ఆ కాయ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "ఇది జంబేరి" అన్నారు. జంబేరి అంటే అంట్లకు కింది వేరుగా వాడే ఒక నిమ్మజాతి.

అప్పటి దాకా నా తోట రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లని నమ్ముతున్నాను. నర్సరీలో అదే చెప్పారు. రంగపూర్ అయితే కాయ కమలా రంగులో ఉంటుంది, లోపలి గుజ్జు కూడా. ఇంటికి వచ్చి పాత రసీదు వెతికాను. "చీనీ అంట్లు 430" అని ఉంది. అంతే. వేరుమూలం, అంటే అంటు కింద ఉన్న చెట్టు, పేరు లేదు. కన్ను, అంటే పైన అంటు కట్టిన చీనీ మొగ్గ, ఏ తల్లి చెట్టు నుంచి తీశారో లేదు. ఏ నారుమడిలో పెంచారో లేదు. ఏడేళ్లు నీళ్లు పోసి పెంచిన నా చెట్ల కింద ఏ చెట్టు ఉందో ట్రాక్టరు డ్రైవరు పొరపాటు వల్ల నాకు తెలిసింది.

తోటల సంగతి తెలియని పాఠకులు ఎవరైనా ఈ లేఖ చదువుతుంటే వారి కోసం రెండు ముక్కలు. చీనీ చెట్టు ఒక చెట్టు కాదు, రెండు. నేల పైన చీనీ, నేల కింద ఇంకోటి. కరవుకు తట్టుకోవడం, తెగులుకు తట్టుకోవడం చాలావరకు కింది చెట్టు చేతిలో ఉంటుంది. జంబేరి చెడ్డదని నేను అనడం లేదు. దాని నారు త్వరగా ఎదుగుతుంది, విత్తనం దండిగా దొరుకుతుంది, చెట్టు తొందరగా గుబురు కడుతుంది. నర్సరీ వాళ్లకు అది ముద్దు. కానీ ఎండు వేరుకుళ్ళుకు అది తేలిగ్గా లొంగుతుందని, మా ప్రాంతపు చీనీకి రంగపూర్ మేలని తిరుపతి నిమ్మజాతి పరిశోధన కేంద్రం నుంచి మీ శాఖ కరపత్రాల దాకా చెబుతూనే ఉన్నారు. రంగపూర్‌కు తెగుళ్లు రానే రావని కాదు, ఎక్కువ కాలం నిలబడుతుంది. చెట్టును పదేళ్లకు పీకాలా, ఇరవై ఏళ్లు కోసుకోవాలా అన్నది ఆ తేడాలోనే ఉంది.

వేరు మార్చి ఈ తెగులును దాటడం కూడా పాత విద్యే. 19వ శతాబ్దంలో అజోర్స్ దీవుల నుంచి మధ్యధరా తీరం దాకా నారింజ తోటలు మొదలు కుళ్ళి పోతుంటే, పుల్ల నారింజ మీద అంట్లు కట్టి బతికించుకున్నారు. తరవాత 1930ల నుంచి దక్షిణ అమెరికాలో ట్రిస్టెజా వైరస్ సరిగ్గా ఆ పుల్ల నారింజ మీది చెట్లనే లక్షల్లో తీసుకుపోయింది. అంటే ఒకచోట ప్రాణం పోసిన వేరే ఇంకోచోట ప్రాణం తీసింది. అందుకే కింద ఏ వేరు ఉందన్నది రైతుకు తెలియాలి. ఇది కులాసాగా తెలుసుకునే సంగతి కాదు.

ఇప్పుడు నా తోటకు తెగులు మొక్కలతో వచ్చిందా, చెరువు మట్టితో వచ్చిందా, రోటవేటరు పళ్లకు అంటుకుని వచ్చిందా? తేల్చే దారి లేదు. నర్సరీని నిందించలేను, నన్ను నేను పూర్తిగా నిందించుకోలేను. దారి లేకపోవడమే నా ఫిర్యాదు. పావుకిలో వంకాయ విత్తనం కొంటే పొట్లం మీద రకం, లాటు నంబరు, మొలక శాతం, గడువు అన్నీ ఉంటాయి. విత్తన చట్టం 1966 నుంచీ ఉంది, ఆ లేబులు లేకుండా అమ్మితే మీరు ఊరుకోరు. ఆరు నెలల్లో పీకేసే వంగ మొక్కకు అంత వివరం ఇచ్చి, పాతికేళ్లు ఉండాల్సిన చెట్టుకు ఒక రసీదు ముక్కా?

చట్టం లేదని మీరు అనలేరు. ఉద్యాన నర్సరీల నమోదు, నియంత్రణ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే వచ్చింది. కాబట్టి నేను కొత్త చట్టం అడగడం లేదు. నర్సరీ నుంచి బయటికి వెళ్లే ప్రతి అంటుకు వేరుమూలం పేరు, కన్ను తీసిన తల్లి చెట్టు వివరం, అంటు కట్టిన నెల రాసిన చీటీ కట్టించండి. అదే వివరం రసీదులోనూ రాయించండి. వేరుమూలం అబద్ధం రాస్తే ఎలా పట్టుకుంటారని అడుగుతారేమో. ఇవాళ అబద్ధం కాగితం మీద లేదు, నోటిమాటలో ఉంది. దాన్ని ముందు కాగితం మీదికి తెప్పించండి. తరవాత నాలాంటి వాళ్లు ఒక చిగురును కాయ కాసే దాకా ఉంచితే చాలు.

రెండోది పరీక్ష. నర్సరీ సంచిలోని మట్టిలో ఫైటోఫ్తోరా ఉందో లేదో తెలుసుకోవడానికి కోట్ల రూపాయల ప్రయోగశాల అక్కర్లేదని ఆ శాస్త్రవేత్తే చెప్పారు. ఒక ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు మట్టి వేసి నీళ్లు పోసి, నిమ్మజాతి ఆకు ముక్కలను ఆ నీటి మీద తేలేలా వదులుతారు. ఈదే బీజాలు ఉంటే ఆకు అంచుకు వచ్చి చేరతాయి. కొద్ది రోజుల్లో ఆ ముక్కలను సూక్ష్మదర్శిని కింద పెడితే కనబడతాయి. చేపకు ఎర వేసినట్టే. మనకు ఊరూరా ఉద్యాన సహాయకులు ఉన్నారు. నాటే సీజనుకు ముందు నమోదైన ప్రతి నర్సరీ నుంచి కొన్ని సంచుల మట్టి తీసి దగ్గరి పరిశోధన కేంద్రానికి పంపడం వాళ్లకు అలవి కాని పని కాదు. ఫలితాన్ని నర్సరీ గేటు మీద అంటించండి. తప్పిన నర్సరీకి జరిమానా వేయమని నేను అడగను. సంచుల్లో నింపే మట్టిని ఎండలో పాలిథిన్ కింద మాగబెట్టి శుద్ధి చేయడం నేర్పండి. సంచులను నేల మీద కాకుండా మెట్ల మీద, కంకర మీద పెట్టించండి. చాలామంది చేస్తారు. నర్సరీ వాళ్లు మాకు శత్రువులు కారు. వాళ్ల దగ్గర కొన్న రైతు పదేళ్ల తరవాత తిట్టుకుంటూ వస్తే వాళ్లకు మాత్రం ఏం సుఖం?

ఇంకొకటి, ఇది మీకు నచ్చకపోవచ్చు. కొత్త తోటలకు రాయితీని మూడేళ్లలో 60, 20, 20 శాతం చొప్పున ఇచ్చే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. రెండో ఏడు మొక్కల్లో 75 శాతం, మూడో ఏడు 90 శాతం బతికి ఉంటేనే తరవాతి విడత. నాకూ అలాగే వచ్చింది. మూడో ఏడు అధికారి వచ్చి లెక్కపెట్టినప్పుడు నా తోటలో ఒక్క మొక్క కూడా తెగులుతో పోయినది లేదు. చీనీ సరైన కాపుకు వచ్చేది అయిదో ఏటో ఆరో ఏటో. వేరుకుళ్ళు తన లెక్క అప్పుడే మొదలుపెడుతుంది. మీ రిజిస్టరులో నా తోట ఇవాళ్టికీ నూటికి నూరు విజయమే. ఎనిమిదో ఏట ఒకసారి వచ్చి లెక్కపెట్టండి. డబ్బు ఇవ్వనక్కర్లేదు, లెక్క చాలు. ఏ నర్సరీ మొక్కలు, ఏ వేరుమూలం, ఏ నేలలో ఎన్ని మిగిలాయో నాలుగైదేళ్లు రాసుకుంటే, ఏ అంటు ఎక్కడ నాటాలో రాష్ట్రంలో ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

ఖాళీ అయిన గుంతల్లో మళ్లీ చీనీ పెట్టాలా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. ఆ మట్టిలో తెగులు బీజాలు ఏళ్ల తరబడి నిద్రపోతాయి, అదే గుంతలో అలాంటి మొక్కే పెడితే మళ్లీ అంతే. రంగపూర్ మీద కట్టినవని రాసి ఇచ్చే నర్సరీ దొరికితే గుంతలు పక్కకు జరిపి, మొదళ్లు ఎత్తుగా కట్ట మీద ఉండేలా పెడదామన్నాను. మూడు నర్సరీలు తిరిగాడు. చెప్పినవాళ్లు ఉన్నారు, రాసి ఇచ్చినవాళ్లు లేరు.

ఆ జంబేరి చెట్టు మాత్రం గట్టు మీద ఇంకా ఉంది. గట్టు ఎత్తు కాబట్టి దానికి నీళ్లు నిలవవు, చెరువు మట్టీ తగల్లేదు, రోటవేటరూ తగల్లేదు. చెట్ల మధ్య అన్నిటికంటే పచ్చగా అదే ఉంది. ఈ ఏడూ విరగకాసింది. మీలో ఎవరైనా చూడాలనుకుంటే ఎప్పుడైనా రండి, బస్సు స్టాండు నుంచి మా అబ్బాయి బండి మీద తీసుకొస్తాడు. ఒక్కటే విన్నపం. ఇంకో తోట నుంచి నేరుగా వస్తుంటే చెప్పుల మట్టి గేటు దగ్గరే కడుక్కుని లోపలికి రండి. అక్కడ తొట్టిలో నీళ్లు, పక్కన బ్రష్షు పెట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు,
అనంతపురం జిల్లా